టు లెట్ బోర్డు: టీకా తాత్పర్య సహితం

మూలం

టు లెట్. డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు, మేడపైన, బాడుగకు ఇవ్వబడును. నీటి వసతి కలదు. కరెంటు సపరేటు. చిన్న ఫ్యామిలీకి మాత్రమే. వివరములకు కింద అడగవలెను.

అవతారిక

కనిగిరి సీమలోని మండల కేంద్రం చంద్రశేఖరపురంలో, అంటే బస్సు బోర్డుల మీది సి.ఎస్.పురంలో, రెండు పడగ్గదుల ఇల్లు బాడుగకు దొరకాలంటే పై ఆరు వాక్యాల అర్థం తెలిసి ఉండాలి. అట్టముక్క మీదనో రేకు మీదనో రాసి గేటు ఊచలకు కట్టే ఈ రచనకు కర్త పేరు ఉండదు. కాలనిర్ణయం మాత్రం కష్టం కాదు. మండల కేంద్రంలో ఇల్లు బాడుగకు తీసుకునేది ఎక్కువగా టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, ఆసుపత్రి సిబ్బంది, సచివాలయం వాళ్లు. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాక ఈ చివరి వర్గం పెరిగింది. టీచర్ల బదిలీలు ఎండాకాలంలో జరుగుతాయి గనుక బోర్డులూ ఎండాకాలంలోనే పూస్తాయి. జూన్‌లో బడులు తెరిచేలోపు సామాను దించాలి, ఆషాఢం రాకముందే పాలు పొంగించాలి. ఈ రెండింటి నడుమ ఉన్న కొద్ది రోజులే అసలైన సీజను.

ఒంగోలు, మార్కాపురం వంటి చోట్ల అపార్టుమెంట్లు లేచాయి. మండల కేంద్రంలో డబుల్ బెడ్‌రూమ్ అంటే సాధారణంగా ఓనరు కింద కాపురముండి, హైదరాబాదులోనో బెంగళూరులోనో పనిచేసే కొడుకు పంపిన డబ్బుతో మీద వేసుకున్న అంతస్తు. కొడుకు వస్తాడని కట్టినది, ఇప్పట్లో రాడని తేలాక బోర్డు పెట్టినది.

వ్యాఖ్యానానికి కోలాచల మల్లినాథసూరి చూపిన దారి అన్వయక్రమం. శ్లోకంలో పదం ఎక్కడున్నా వాక్యంలో దాని చోటికి తెచ్చి అర్థం చెప్పడం. ఈ మూలానికి ఆ దారి చాలదు. ఇందులో వాక్యానికి కావలసిన మాటలు సగం బోర్డు మీద లేవు, ఓనరు నోట్లో ఉన్నాయి. కాబట్టి ఉన్న మాటలకు టీక రాయడం కన్నా, లేని మాటలను తెచ్చి పూరించే అధ్యాహారమే ఇక్కడ ప్రధానం.

"టు లెట్"

కావ్యం ఆశీస్సుతో గానీ నమస్క్రియతో గానీ వస్తునిర్దేశంతో గానీ మొదలుకావాలని నియమం. ఇక్కడ ఉన్నది వస్తునిర్దేశం. ఆశీస్సు లేకపోవడానికి కారణం చివరి వాక్యాల్లో తెలుస్తుంది.

"డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు"

ఒక హాలు, ఒక వంటగది, రెండు పడగ్గదులు అని ప్రతిపదార్థం. హాలు పెద్దది, ఎందుకంటే ఓనరు ఇంటి పెళ్లిచూపులను దృష్టిలో పెట్టుకుని కట్టించినది. వంటగది గట్టుకు గ్రానైటు ఉంటుంది. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ రకానికి ప్రపంచమంతా పేరు తెచ్చిన చీమకుర్తి ఒంగోలు వైపుదే గనుక, ఇతర జిల్లాల్లో గొప్పగా చూపించే గట్టు ఇక్కడ ప్రస్తావనకైనా రాదు. మొదటి పడగ్గదిలో డబుల్ కాట్ పడుతుంది, బీరువా పెడితే తలుపు సగమే తెరుచుకుంటుంది.

వివాదమంతా రెండో పడగ్గది విషయంలో. అది ఉన్నదనడంలో వ్యాఖ్యాతలకు భేదం లేదు. దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందన్నదే ప్రశ్న. చాలా ఇళ్లలో ఆ గదిలో ఓనరు వాళ్ల పాత మంచం, వడ్ల బస్తాలు, కోడలి సారె సామాను, వినాయకచవితి మైకు సెట్టు ఉంటాయి. "ఆ రూమ్ ఒక్కటి మా సామాను పెట్టుకున్నాం సార్, పండక్కి తీసేస్తాం" అన్నది అధ్యాహార వాక్యం. ఏ పండుగ అన్నది చెప్పరు. ఇల్లు చూసేటప్పుడే ఆ గది తలుపు తీయించి చూడాలని అనుభవజ్ఞుల మతం. తీయడానికి తాళంచెవి కనపడలేదంటే ఆ ఇంటిని సింగిల్ బెడ్‌రూమ్‌గా లెక్కగట్టి బాడుగ బేరమాడడం న్యాయం.

"మేడపైన"

ఇది స్థలవాచకం అనుకుంటారు. నిజానికి ఋతువాచకం. నడినెత్తిన శ్లాబు, శ్లాబు మీద మే నెల కనిగిరి సీమ ఎండ. రాత్రి పది దాటినా ఫ్యాను వేడిగాలినే తిప్పుతుంది. ఇల్లు చూడడానికి ఉదయం కాక మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్లాలన్నది అందుకే. ఓనర్లు మాత్రం ఉదయమే రమ్మంటారు. శ్లాబు మీద తెల్లటి కూలింగ్ పెయింటు వేయించి ఉంటే ఆ ఓనరు ఉత్తముడు. వేయించుకుంటామంటే అడ్డు చెప్పనివాడు మధ్యముడు. శ్లాబు మీదికి మెట్లు ఎక్కవద్దనేవాడి గురించి టీక అనవసరం.

"బాడుగకు ఇవ్వబడును"

ఒంగోలు వైపు బోర్డుల్లో "అద్దెకు" అన్న పాఠాంతరం కనపడుతుంది. 1970లో నెల్లూరు, కర్నూలు, గుంటూరు జిల్లాల ముక్కలు కలిపి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికే ప్రకాశం పేరు వచ్చింది. కనిగిరి సీమ నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చినవి. ఈ పడమటి భాగమంతటా బాడుగే మాట. పాఠం ఏదైనా చెల్లించేది ఒకటే.

అసలు గుట్టు క్రియలో ఉంది. "ఇవ్వబడును" కర్మణి ప్రయోగం. ఇచ్చే కర్త ఎవరో మూలం దాచిపెట్టింది. బేరం మాట్లాడేది ఇంటాయన. ఇల్లు ఇవ్వాలా వద్దా అన్నది తేల్చేది వంటింటి గుమ్మం వెనకనుంచి వింటున్న ఇంటావిడ. ఆయన "ఆలోచించి చెప్తాం సార్" అన్నాడంటే లోపలికి చూసి అన్నాడని గ్రహించాలి. ఇక "ఇవ్వబడును" అనేది చిన్నయసూరి చెప్పిన తద్ధర్మార్థకం, అంటే స్వభావాన్ని చెప్పే క్రియ. ఈ ఇంటికి బాడుగకు పోయే స్వభావం ఉందని మాత్రమే బోర్డు చెబుతోంది. అడిగినవారికి ఇస్తానని మాట ఇవ్వలేదు.

బాడుగ ఎంతో మూలంలో లేదు. ఉండదు కూడా, ఎందుకంటే మనిషిని చూశాకే అంకె పుడుతుంది. ఇక్కడొక పూర్వపక్షం వినిపిస్తుంది: "సార్‌కు హెచ్‌ఆర్‌ఏ వస్తుంది కదా, ఇంకో వెయ్యి ఇస్తే ఏం పోయింది?" సిద్ధాంతం ఇది. 2022 వేతన సవరణ తర్వాత ఇలాంటి చిన్న ఊళ్లలో రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి వచ్చే ఇంటి బాడుగ భత్యం మూలవేతనంలో 10 శాతం, గరిష్ఠం 11,000 రూపాయలు. సొంతింట్లో ఉన్నా అది వస్తుంది, చవకింట్లో ఉన్నా అంతే వస్తుంది. అది జీతంలో భాగమే గాని ఓనరు పేర ప్రభుత్వం పంపే మనియార్డరు కాదు. ఈ సిద్ధాంతం తర్కానికి నిలబడుతుంది, వసారాలో నిలబడదు.

బాడుగ రసీదు సంగతి కూడా ఇక్కడే. ఏడాదికి లక్ష రూపాయలు దాటిన బాడుగకు పన్ను మినహాయింపు కోరితే ఓనరు పాన్ నంబరు చూపాలి. మండల కేంద్రంలో బాడుగలు ఎక్కువగా ఆ గీతకు దిగువనే ఉంటాయి. పైగా ఆదాయపు పన్ను కొత్త విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు. అయినా "పాన్" అన్న మాట వినగానే ఓనరు ముఖంలో కలిగే వికారాన్ని అలంకారశాస్త్రం భయానకరసం కింద చేర్చవచ్చు. ఆ మాట అడ్వాన్సు ఇచ్చాకే పలకాలి.

"నీటి వసతి కలదు"

ఈ వాక్యం మీదే ఎక్కువ వ్యాఖ్యానం అవసరం. మూలంలో నీరు ఏకవచనం. వాడుకలో మూడు నీళ్లు. మొదటిది బోరు నీరు: స్నానానికి, బట్టలకు, గిన్నెలకు. రెండోది పంచాయతీ కొళాయి: వచ్చిన రోజు వస్తుంది. మూడోది క్యాన్ నీరు: తాగడానికి, కొనుక్కోవలసినది. "కలదు" అన్నది ఈ మూడింటిలో మొదటిదానికే వర్తిస్తుంది. మిగతా రెండూ ఉన్నాయని ఓనరు అనలేదు, కాబట్టి అబద్ధమాడాడని అనరాదు.

కనిగిరి ప్రాంతపు భూగర్భజలంలో ఫ్లోరైడు సంగతి రాష్ట్రమంతా తెలిసినదే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిదని, మరో దారి లేనప్పుడు 1.5 దాకా ఫరవాలేదని భారత ప్రమాణాలు చెబుతాయి. ఇక్కడి ఎన్నో బోర్లలో అది దాటింది. వానలు తక్కువ, అడుగున గట్టి రాయి. బోరు వందల అడుగులు దిగాలి, దిగినకొద్దీ నీరు రాతితో ఎక్కువకాలం సహవాసం చేసి ఉంటుంది గనుక ఫ్లోరైడు పెరుగుతుంది. పళ్ల మీద పచ్చటి గారలు, ఎముకల వంకర దాని ఫలితాలు. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అందుకే ఊరూరా ఆర్‌వో ప్లాంట్లు, ఇరవై లీటర్ల క్యాన్లు. బాడుగకు దిగేవాళ్లు నెల లెక్కలో క్యాన్ల డబ్బు బాడుగ పక్కనే రాసుకోవాలి. వంటకు కూడా ఆ నీరే వాడాలి గనుక లెక్క రెట్టింపవుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు పప్పుకు బోరునీళ్లు పోసి, ఉడకదేమని కందిపప్పును తిడతారు. ఉప్పునీళ్లలో పప్పు ఉడకదు, కొట్టువాడి తప్పేం లేదు.

ఈ కొరతకు మందుగా చెప్పేది పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు. 1996లో పునాదిరాయి పడింది. కృష్ణ నీటిని శ్రీశైలం జలాశయం నుంచి తేవడానికి నల్లమలను తొలిచి దాదాపు 18.8 కిలోమీటర్ల చొప్పున రెండు సొరంగాలు తవ్వారు. రెండోదాని తవ్వకం 2024లో ముగిసింది. "వెలిగొండ వస్తే నీళ్లకు ఢోకా లేదు సార్" అని ఇల్లు చూపించేటప్పుడు ఓనరు అనే మాట ఈ సందర్భంలోనిది. ఈ మాట చెప్పి ఇళ్లు బాడుగకిచ్చిన ఓనర్ల కొడుకులే ఇప్పుడు ఓనర్లై అదే మాట చెబుతున్నారు.

ఇక బోరు నీటిలోనూ అవాంతర భేదాలున్నాయి. బోరు నుంచి సంపుకు, సంపు నుంచి మీది ట్యాంకుకు. మోటారు స్విచ్చి ఓనరు వసారాలో ఉంటుంది. ఈ ఒక్క స్విచ్చి ఎక్కడుందన్న దాన్ని బట్టి మేడమీది కాపురం స్వతంత్రమో పరతంత్రమో తేలుతుంది. రోజుకు ఎన్నిసార్లు వేస్తారు, ఓనరు వాళ్లు ఊరికి పోయినప్పుడు ఎవరు వేస్తారు, ట్యాంకు ఒకటేనా, మేడకు వేరుగా ఉందా అన్న ప్రశ్నలు బాడుగ అడగకముందే అడగవలసినవి. ట్యాంకు ఒకటే అయితే కింద బట్టలుతికే రోజున పైన స్నానాలు ఉండవు.

ఇదే మండలంలో భైరవకోన ఉంది. పల్లవుల కాలం నాటిదని చెప్పే ఎనిమిది గుహాలయాలు కొండరాతిలో తొలిచినవి, పక్కనే జలపాతం. ఎనిమిది పోర్షన్లూ శివుడివే, బాడుగ లేదు, అడ్వాన్సు లేదు. "నీటి వసతి కలదు" అన్న మాట ఈ చుట్టుపట్ల నిస్సంకోచంగా రాయదగిన గేటు అదొక్కటే.

"కరెంటు సపరేటు"

సపరేటు రెండు విధాలు: విద్యుత్ సంస్థ ఇచ్చిన వేరు మీటరు, ఓనరు కొని బిగించిన సబ్‌మీటరు. మొదటిది సత్యం, రెండోది సత్యాభాస. తేడా లెక్కతోనే తెలుస్తుంది. ఇళ్ల కరెంటుకు 2022లో వచ్చిన టారిఫ్‌లో మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1.90, 75 దాకా 3.00, 125 దాకా 4.50, 225 దాకా 6.00 రూపాయలు. ఆపైన 8.75, చివరి మెట్టు 9.75. మేడమీద 100 యూనిట్లు కాలి వేరు మీటరుంటే విద్యుత్ చార్జీ 304 రూపాయల 50 పైసలు. కిందా పైనా చెరో వంద కాలి మీటరు ఒకటే అయితే మొత్తం 200 యూనిట్లకు 867, సగం పంచితే 433 రూపాయల 50 పైసలు. ఒక్కో కుటుంబానికి నెలకు 129 రూపాయల దండుగ, ఇద్దరిలో ఎవరి జేబులోకీ పోకుండా. ఓనరు యూనిట్‌కు ఇంతని ఏకధర పెట్టినప్పుడు మాత్రం అది ఒక జేబులోకి పోతుంది. తక్కువ వాడేవాళ్లకు స్లాబుల వల్ల రావలసిన లాభమంతా ఆ ఏకధరలో మాయమవుతుంది. మోటారు ఏ మీటరు మీద తిరుగుతుందో కూడా చూసుకోవాలి. మేడమీది మీటరు మీద తిరిగే మోటారు కింది పెరట్లో నిమ్మచెట్టుకూ నీళ్లు పోస్తుంది.

"చిన్న ఫ్యామిలీకి మాత్రమే"

వాచ్యార్థం: భార్య, భర్త, ఒకరిద్దరు పిల్లలు. దీనివల్ల పెళ్లికానివాళ్లు వాక్యం వెలుపల పడ్డారు. సచివాలయంలో, బ్యాంకులో మొదటి పోస్టింగు వచ్చిన కుర్రాళ్లు ఊరంతా తిరిగి, చివరికి పామూరులోనో కనిగిరిలోనో గది తీసుకుని రోజూ బస్సెక్కడం ఈ ఒక్క వాక్యం వల్లనే. వాళ్లను కాదనడానికి కారణం అడిగితే "మా ఇంట్లో ఆడపిల్లలున్నారు సార్" అంటారు. ఆడపిల్లలకు పెళ్లిళ్లై కాన్పులు కూడా అయిన ఇళ్లలోనూ ఇదే జవాబు. ఒంటరిగా ఉద్యోగం చేసుకునే ఆడమనిషికి ఇల్లు దొరకడం ఇంకా కష్టం. ఆమె విషయంలో ఆ కారణమూ చెప్పరు.

"చిన్న" అన్నది తలల లెక్క కాదు, నీళ్ల లెక్క. నలుగురికి ట్యాంకు చాలుతుందని ఓనరు అంచనా. ఊరి నుంచి అత్తామామలు వచ్చి నెలరోజులుంటే వాక్యభంగం జరిగినట్టే. "మీ అమ్మగారు ఎప్పుడు పోతారు సార్?" అన్న ప్రశ్న ప్రేమతో అడిగినది కాదు.

వ్యంగ్యార్థం వేరే ఉంది, వాక్యమంతటికీ అదే ప్రాణం. గేటు దగ్గర నిలబడగానే మొదటి ప్రశ్న "ఏ ఊరు సార్ మనది?" రెండోది "ఇంటి పేరేమో?" మూడోది, ఇంకా తేలకపోతే, "మనోళ్లేనా?" ఈ మూడు "మన"లకూ అర్థం ఒకటే. ఊరి పేరు చెబితే ఆ ఊళ్లో తమకు తెలిసినవాళ్లను ఆరా తీస్తారు, ఇంటిపేరు చెబితే ఆరా అక్కర్లేదు. కొందరు "వెజిటేరియన్లకు మాత్రమే" అని బోర్డు మీదే రాస్తారు. ఆ ఓనర్ల వంటింట్లో ఆదివారం ఏం వండుతారో వీధికంతా వాసన తెలుసు గనుక, ఆ మాట తిండిని గురించినది కాదు. రాజ్యాంగం 17వ అధికరణంతో అస్పృశ్యత రద్దైన మాట గుర్తుండి కులం పేరు బోర్డు మీద ఎవరూ రాయరు. అడగడానికి మాత్రం జంకరు. దళిత ఉద్యోగి అదే బడిలో, అదే జీతం మీద పనిచేస్తూ, తోటి టీచరు చూసిన అదే ఇంటికి వెళితే "నిన్ననే ఇచ్చేశాం సార్, బోర్డు తీయడం మరిచిపోయినాం" అని వింటాడు. బోర్డు ఆ తర్వాత కూడా వారాల తరబడి గేటుకు వేలాడుతుంది. ఈ వాక్యంలో హాస్యం వెదికే వ్యాఖ్యాతకు ఇక్కడ ఏమీ దొరకదు.

"వివరములకు కింద అడగవలెను"

కింద అన్నది దిక్కు మాత్రమే కాదు, పరిపాలనా వ్యవస్థ. అడిగితే తెలిసే వివరాలివి: రాత్రి పదికి గేటుకు తాళం, గోడలకు మేకులు కొట్టరాదు, బండి లోపల పెట్టుకోవచ్చు, కారైతే వీధిలో. అడ్వాన్సు రెండు మూడు నెలల బాడుగ. 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల బాడుగ మించరాదంటుంది. నమూనా గనుక రాష్ట్రం చట్టం చేస్తేనే అది అమలు. పది నెలల అడ్వాన్సు అడిగే బెంగళూరులో కొడుకున్న ఓనరుకు రెండు నెలలన్నది పిసినారితనంగా తోస్తుంది.

ఒప్పందం రాసుకుంటే పదకొండు నెలలకు రాసుకోవాలని అందరి నమ్మకం. ఏడాది మించిన లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి అన్నది 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠం, ఆ గీత తగలకుండా ఒక నెల తగ్గించడం దేశమంతటి ఆచారం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ ఆచారానికి ఆధారం ఎప్పుడో పోయింది. రాష్ట్ర సవరణ వల్ల 1999 ఏప్రిల్ 1 నుంచి స్థిరాస్తి లీజు ఎంత కాలానిదైనా రిజిస్టరు చేయించాలి. అయినా వంద రూపాయల స్టాంపు కాగితం మీద పదకొండు నెలలు అలాగే కొనసాగుతున్నాయి, మూలం మారినా పాత టీకనే పట్టుకున్న శిష్యుల్లాగా. చంద్రశేఖరపురంలో ఆ కాగితమూ అరుదు. మధ్యలో ఒక పెద్దమనిషి, నోటిమాట, అడ్వాన్సు లెక్కపెట్టి చేతికివ్వడం, అంతే.

1960 నాటి బాడుగల నియంత్రణ చట్టం మున్సిపాలిటీల కోసం చేసినది, గ్రామ పంచాయతీ దాని ఎల్లలో పడలేదు. కాగితం లేనిచోట దిక్కు 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం. దాని 106వ సెక్షను ప్రకారం నెలవారీ బాడుగకున్నవాళ్లను ఖాళీ చేయించాలన్నా, వాళ్లు ఖాళీ చేయాలన్నా పదిహేను రోజుల నోటీసు చాలు. ఊరి భాషలో నోటీసు "మా వాడు వస్తాండాడు సార్, మాకే కావాలి" అన్న రూపంలో వస్తుంది. వచ్చేది వాడు కాదు, ఎక్కువ బాడుగ. టీచరు వైపు నుంచి నోటీసు బదిలీ ఉత్తర్వు. 2025 బదిలీల చట్టం టీచరుకు ఒకచోట ఎనిమిదేళ్లు, ప్రధానోపాధ్యాయుడికి ఐదేళ్లు హద్దు పెట్టింది గనుక ఎంత కలిసొచ్చిన ఇంటికైనా అంతకు మించిన కాపురం ఉండదు.

ఖాళీ చేసేటప్పటి లెక్కకు ఆ 1882 నాటి చట్టం 108వ సెక్షను ఆధారం. సహజమైన అరుగుదల పోను, ఇల్లు తీసుకున్న స్థితిలో అప్పగించాలి. గోడ రంగు వెలిసిపోవడం సహజమా, బాడుగదారుడి నేరమా అన్నదాని మీద ఓనర్లు ఏకాభిప్రాయంతో ఉన్నారు. రంగులకని ఒక నెల బాడుగ అడ్వాన్సులోంచి పట్టుకుంటారు. పగిలిన కొళాయి, మేకు గుంటలు, వంటగది కిటికీకి పట్టిన నూనెమడ్డి దానిమీద వేరు. దిగిన రోజునే గది గదికీ ఫోనులో ఫోటోలు తీసిపెట్టుకున్నవాళ్లు కొంత తగ్గించుకోగలరు. మిగిలిన అడ్వాన్సు కొత్త బాడుగదారుడు అడ్వాన్సు కట్టిన తర్వాత, ఫోన్‌పేలో, రెండు విడతలుగా వస్తుంది.